పదేపదే అదే తప్పులో పడుతుంటే దేవునికి నమ్మకంగా ఉండటం అంటే ఏమిటి?

తిరిగిలేచు:
అందరికీ వందనాలు. బాప్తిస్మం తీసుకుని ఏళ్లు గడిచాక కూడా ఒకే బలహీనత వెంటాడే విశ్వాసుల గురించి అడుగుతున్నాను. కొందరికి అది కోపం, కొందరికి అబద్ధం, కొందరికి ఫోన్‌లో చూడకూడనివి చూడటం. ఒప్పుకుంటారు, ఏడుస్తారు, నాలుగు రోజులకు మళ్లీ అక్కడే ఉంటారు. "ఇన్నిసార్లు పడ్డాక ఏ ముఖం పెట్టుకుని ప్రార్థించాలి" అని మెల్లగా ప్రార్థన మానేస్తారు, తర్వాత ప్రభు బల్ల, ఆ తర్వాత సంఘం. మళ్లీ పడిన పాపానికి చేసిన ఒప్పుకోలు నిజమైనదేనా? పడిన రోజు ఖచ్చితంగా ఏం చేయాలి? "ప్రార్థన చేయండి, అంతా సర్దుకుంటుంది" అనే జవాబులు చాలా విన్నాం. దయచేసి వివరంగా చెప్పగలవాళ్లు చెప్పండి.

బెరయ పాఠకుడు:
ముందు మొదటి ప్రశ్న. మళ్లీ పడ్డారు కాబట్టి ముందు చేసిన ఒప్పుకోలు అబద్ధం అనే లెక్క బైబిల్లో లేదు. సామెతలు 24:16లో ఏడుమారులు పడి తిరిగి లేచేవాణ్ణి నీతిమంతుడనే పిలిచారు. పడటం ఆగాకే ఆ పేరు పెడతామని అక్కడ లేదు. లూకా 17:4లో ఒకే దినాన ఏడుసార్లు తప్పు చేసి ఏడుసార్లు "మారుమనస్సు పొందితిని" అన్నవాణ్ణి క్షమించమని ప్రభువు మనుషులకే చెప్పాడు. మనల్ని అంత క్షమించమన్నవాడు తాను అంతకన్నా తక్కువ క్షమిస్తాడా?

ఒప్పుకోలు నిజమా కాదా తేల్చుకోవడానికి 1 సమూయేలు 15నూ 2 సమూయేలు 12నూ పక్కపక్కన పెట్టి చదవండి. రాజులైన సౌలు, దావీదు ఇద్దరూ "పాపము చేసితిని" అన్నారు. మాట ఒకటే. సౌలు 13వ వచనంలో దేవుని ఆజ్ఞ నెరవేర్చానన్నాడు. 15లో, 21లో తప్పు జనం మీదికి నెట్టాడు. 24లో పాపం చేశానంటూనే జనానికి జడిసి చేశానన్నాడు. చివరికి 30వ వచనంలో అసలు బాధ బయటపడింది: పెద్దల యెదుట నన్ను ఘనపరచు. దావీదు మాత్రం తనను గద్దించిన ప్రవక్త నాతాను యెదుట ఒక్క వాక్యం చెప్పి ఆగాడు, దానికి "కానీ" తగిలించలేదు. ఆ పాపం గురించే దావీదు పాడిన 51వ కీర్తన 19 వచనాల్లోనూ, తాను వ్యభిచరించిన బత్షెబ మీద ఒక్క నింద లేదు, సందర్భం మీద సాకు లేదు. కాబట్టి ప్రార్థనలో మీరు వాడే వాక్యం చూసుకోండి. "అలసిపోయి ఉన్నాను కాబట్టి", "అతను అలా అన్నాడు కాబట్టి" అని "కాబట్టి" వచ్చిందంటే ఒప్పుకోలు ఇంకా పూర్తి కాలేదు. అది తీసేసి మళ్లీ చెప్పండి.

ఇక పడిన రోజు. చేసే పని వరుసగా చెబుతాను, ఎందుకంటే వరుస తప్పితేనే ఎక్కువమంది చెడిపోతారు.

మొదటిది, ఉన్న చోటి నుంచి లేవడం. ఫోన్ అయితే పక్క గదిలో పెట్టేయడం, గొడవ అయితే గొంతు తగ్గించి బయటికి రావడం. అదే చోట కూర్చుని, అదే ఫోన్ చేతిలో పట్టుకుని చేసే ప్రార్థన చాలాసార్లు రెండో పతనంతో ముగుస్తుంది. "ఎలాగూ పడ్డాం కదా, రేపటి నుంచి సరిగ్గా ఉందాం" అనే ఆలోచన ఆ అరగంటలోనే వస్తుంది. మొదటి తప్పు కన్నా ఈ ఆలోచన చేసే నష్టం ఎక్కువ.

రెండోది, ఆ గంటలోనే ఒప్పుకోవడం, పేరు పెట్టి. "నా పాపాలన్నీ క్షమించు" అనకండి. "ఫలానా వ్యక్తితో ఫలానా విషయం అబద్ధం చెప్పాను" అనండి. రెండు మూడు నిమిషాలు చాలు. 1 యోహాను 1:9 మీద నిలబడి దాన్ని అక్కడితో ముగించాలి. ఏడుపు వచ్చేదాకా సాగదీస్తే, ఏడుపే క్షమాపణకు రుజువు అనే అలవాటు పడుతుంది. ఏడుపు రాని రోజున దేవుడు వినలేదనిపిస్తుంది.

మూడోది, మనిషికి జరిగిన నష్టం ఉంటే అది సరిచేయడం. దీని గురించి ఇక్కడ ఇంకొకరు బాగా రాయగలరు, వదిలేస్తున్నాను.

నాలుగోది, చాలామంది తప్పేది ఇక్కడే: తర్వాతి ప్రార్థన మామూలు వేళకే, మామూలు నిడివిలోనే చేయాలి. రోజూ ఉదయం పది నిమిషాలు చేసేవారైతే పడిన మర్నాడు కూడా పది నిమిషాలే. రెండు గంటలు చేస్తానని మొక్కుకోకండి. ఆవేశంలో మొక్కిన రెండు గంటలు నాలుగో రోజుకి ఆగిపోతాయి. అప్పుడు అసలు పాపానికి మొక్కు తప్పిన దోషం తోడవుతుంది. మొక్కి చెల్లించకపోవడం కన్నా మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5:5 చెప్పనే చెప్పింది. అలాగని మానడమూ వద్దు. "కొంచెం పరిశుద్ధంగా ఉండి అప్పుడు వస్తాను" అని ఆగే మూడు రోజులు మూడు వారాలవుతాయి. స్నానం చేయడానికి ముందు శుభ్రపడాలనుకోవడం లాంటిది అది.

ప్రభు బల్ల సంగతి కూడా ఇక్కడే. 1 కొరింథీ 11:28 తనను తాను పరీక్షించుకొని, ఆలాగు చేసి తినమంటోంది. పరీక్షించుకుని మానేయమనలేదు. అక్కడి తప్పు, ఒకరికోసం ఒకరు కనిపెట్టకుండా తినేసి పేదవారిని సిగ్గుపరచడం (21, 22, 33 వచనాలు). ఒప్పుకోని, వదిలిపెట్టే ఉద్దేశమే లేని పాపంతో వెళ్లడం వేరు, పోరాడుతూ వెళ్లడం వేరు.

ఐదోది ఆ రోజు కాదు, మర్నాడు మనసు నెమ్మదించాక: గొలుసు వెనక్కి చదవడం. 2 సమూయేలు 11 దీనికి మంచి పాఠం. రాజులు యుద్ధానికి వెళ్లే కాలంలో సేనాధిపతి యోవాబును పంపి దావీదు యెరూషలేములో నిలిచాడు. సాయంకాలం పడక మీద నుంచి లేచి మిద్దె మీద నడిచాడు. చూశాడు. మనిషిని పంపి ఎవరని అడిగాడు. ఊరియా భార్య అని జవాబు వచ్చింది. ఆ ఊరియా దావీదు శూరుల జాబితాలో ఉన్నవాడే (23:39). ఆ జవాబు దగ్గర ఆగిపోవచ్చు, ఆగలేదు. తర్వాత పిలిపించడం, దాచడానికి ఊరియాను రప్పించడం, తాగించడం, చివరికి అతణ్ణి చంపించమనే ఉత్తరం అతని చేతికే ఇచ్చి పంపడం. మనం పశ్చాత్తాపపడేది సాధారణంగా ఆఖరి మెట్టు గురించి మాత్రమే. తలుపు వేయాల్సింది మొదటి రెండు మెట్ల దగ్గర. మీ పతనానికి ముందు ఆరు గంటల్లో ఏం జరిగిందో కాగితం మీద నాలుగు లైన్లు రాయండి: ఎక్కడ, ఎన్నింటికి, ఒంటరిగానా, ఆకలిగానా, అంతకుముందు ఎవరితో ఏ మాట పడింది. మూడు నాలుగు సార్లు రాసేసరికి ఒకే మెట్టు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒప్పందం దాని మీద చేసుకోండి: "రాత్రి పది తర్వాత ఫోన్ హాల్లోనే." "ఇక జీవితంలో చూడను" అనే తీర్మానం కన్నా ఇది చిన్నది, కానీ నిలబడేది ఇదే.

పేతురు విషయంలోనూ ఇంతే. మార్కు 14లో యేసును ఎరగనని బొంకడం 66వ వచనం నుంచి. 29లో "అందరు అభ్యంతరపడినను నేను అభ్యంతరపడను" అన్న ధీమా, 37లో మెలకువగా ఉండమన్న గడియలో నిద్ర, 54లో దూరం నుంచి వెంబడించి బంట్రోతులతో చలికాచుకోవడం. కోడి కూసేటప్పటికి మూడు మెట్లు దిగిపోయి ఉన్నాడు.

లెక్కసరి:
మూడోది నేను అందుకుంటాను. లేవీయకాండము 6:1-7 చదవండి. అబద్ధమాడి, దోచుకొని, దొరికినదాన్ని దాచుకొని తప్పు చేసినవాడు అసలు తిరిగి ఇచ్చి, దానిపై అయిదో వంతు కలిపి ఇవ్వాలి. వంద తీసుకుంటే నూట ఇరవై. అదీ ఎప్పుడు? అపరాధ పరిహారార్థబలి తెచ్చే దినాననే. సంఖ్యాకాండము 5:7 ఇంకొకటి స్పష్టం చేస్తుంది: ముందు ఒప్పుకోవాలి, అప్పుడు ఇవ్వాలి. గుట్టుగా డబ్బు అక్కడ పెట్టేసి వచ్చేస్తే సగమే అయినట్టు. అపహరించిన గొర్రెను అమ్మినా చంపినా నాలుగు, ఎద్దుకు అయిదు (నిర్గమ 22:1). లూకా 19:8లో సుంకరి జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నది ఊరికే నోటికొచ్చిన అంకె కాదు.

ఈ రోజుల్లో బలి లేదు, అయిదో వంతు చట్టంగా మన మీద లేదు. కానీ తీరు చూడండి: మాటతో పాటు చేత్తోనూ తిరిగిరావాలి. అబద్ధం చెప్పి ఒకరి పేరు పాడుచేస్తే, ఆ అబద్ధం విన్న ప్రతి మనిషి దగ్గరికీ వెళ్లి "నేను చెప్పింది నిజం కాదు" అనాలి. పాడైన పేరున్న మనిషికి మాత్రమే క్షమాపణ చెప్పి ఊరుకుంటే అతని పేరు అలాగే పాడై ఉంటుంది. ఇక్కడే చాలామంది జారుకుంటారు.

క్షమాపణ చెప్పేటప్పుడు రెండు జాగ్రత్తలు. "నీకు బాధ కలిగి ఉంటే సారీ" అనకూడదు, తప్పు ఎదుటివారి మనసుకి అంటగట్టినట్టవుతుంది. రెండోది, చెప్పిన వెంటనే "క్షమించానని చెప్పు" అని ఒత్తిడి చేయకూడదు. చెప్పడం మీ బాధ్యత, ఎప్పుడు క్షమించాలో వారి ఇష్టం.

ఇంకొక మాట, మనసులో మాత్రమే జరిగిన పాపాన్ని ఎదుటి మనిషికి వెళ్లి చెప్పకండి. "మీ మీద అసూయపడ్డాను, క్షమించండి" అంటే అప్పటిదాకా తెలియని భారం వారి నెత్తిన పెట్టినట్టే. అది దేవుని దగ్గరా, నమ్మకమైన ఒక్క విశ్వాసి దగ్గరా చాలు (యాకోబు 5:16).

మౌనధ్యాని:
బెరయ బ్రదర్ రాసినదానిలో కాగితం మీద రాసే సలహాకి నేను సగమే ఒప్పుకుంటాను. కొందరికి అది మందు, కొందరికి విషం. ఎప్పుడూ తమ లోపలికే తొంగి చూసుకునే స్వభావం ఉన్నవాళ్లు ఆ నాలుగు లైన్లను నాలుగు పేజీలు చేస్తారు. సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ జర్మనీలోని ఎర్ఫర్ట్ మఠంలో సన్యాసిగా ఉన్న కాలంలో గంటల తరబడి ఒప్పుకోలు చేసేవాడు. బయటికి వచ్చాక ఇంకోటి గుర్తొస్తే మళ్లీ వెళ్లేవాడు. ఆయన ఆత్మీయ సలహాదారు స్టౌపిట్జ్ చేయాల్సి వచ్చిన పని ఏమిటంటే, ఆ యువకుడి చూపును పాపాల జాబితా మీద నుంచి క్రీస్తు గాయాల వైపు మళ్లించడం.

గుర్తు ఇది: ఒకే పాపాన్ని ఒకే రోజులో పదే పదే ఒప్పుకోవడం, "సరిగ్గా చెప్పానా లేదా" అని ప్రార్థనను మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టడం, దేవదూషణ ఆలోచనలు వద్దన్నా వస్తుంటే వణికిపోవడం, క్షమాపణ దొరకని పాపం చేసేశానేమో అని నిద్ర పట్టకపోవడం. ఇలాంటప్పుడు ఇంకా లోతుగా పరీక్షించుకోమనడం మంటలో నూనె పోయడమే. ఒకసారి ఒప్పుకున్నది మళ్లీ ఒప్పుకోకూడదని ఒక పెద్ద దగ్గర మాట ఇవ్వాలి, కాగితాలు మానాలి, మానసిక వైద్యుణ్ణి కలవాలి. ఇది విశ్వాసం తక్కువై వచ్చినది కాదు. వైద్యం ఉన్న జబ్బు కావచ్చు.

శరీరాన్ని కూడా మరిచిపోవద్దు. 1 రాజులు 19లో చచ్చిపోతానని పడుకున్న ఏలీయాకు దేవదూత ప్రసంగం చేయలేదు. లేపి తినమన్నాడు. తిని తాగి మళ్లీ పడుకున్నాడు, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అనే ప్రశ్న నలభై రోజుల ప్రయాణం తర్వాత హోరేబులో వచ్చింది. నిద్ర చాలని మనిషి కోపాన్ని జయించలేకపోతే, ముందు ఏడు గంటలు పడుకోమనండి. ఉపవాసం తర్వాత చూడొచ్చు.

తిరిగిలేచు:
చాలా ఉపయోగపడే జవాబులు. ఇంకో రెండు అడగాలి. ఒకటి, మన బలహీనత సరే, సంఘంలో ఇతరుల తప్పులు చూసి, ముఖ్యంగా పెద్దల తప్పులు చూసి, దేవుని మీదే మనసు విరిగిపోతే? రెండు, బహిరంగంగా పాడేవారు, బోధించేవారు ఇలా పడుతున్నప్పుడు పరిచర్య ఆపాలా?

పాతచరిత్ర:
పడినవారిని సంఘం ఏం చేయాలన్నది కొత్త గొడవ కాదు. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు పత్రం తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. క్రైస్తవుల్లో కొందరు చచ్చారు, కొందరు చెరసాలకు వెళ్లారు. చాలామంది మాత్రం లొంగిపోయారు. లొంగినవారు రెండు రకాలు: నిజంగా బలి అర్పించినవారు, అర్పించకుండానే పత్రం మాత్రం సంపాదించినవారు. హింస తగ్గాక వీళ్లంతా తిరిగొచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. రోమాలో నొవేషియన్ పక్షం వీళ్లకు సంఘంలో మళ్లీ చోటు లేదంది. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో బిషప్పు సిప్రియన్ దీనికి ఒప్పుకోలేదు, ఊరికే రానివ్వడానికీ ఒప్పుకోలేదు. 251లో కార్తేజ్ బిషప్పుల సభ, పత్రం మాత్రమే తీసుకున్నవారిని ఒక్కొక్కరి సంగతి విచారించి చేర్చుకోవచ్చని, బలి అర్పించినవారు చాలాకాలం పశ్చాత్తాపంలో ఉండాలని తేల్చింది. తర్వాత మరో హింస రాబోతోందనిపించినప్పుడు, పశ్చాత్తాపంలో నిలిచినవారినందరినీ చేర్చుకున్నారు. పోరాటానికి వెళ్లబోయేవారిని ప్రభువు శరీర రక్తాలతో బలపరచకుండా ఎలా పంపుతామన్నది సిప్రియన్ వాదన.

మన చర్చకు పనికొచ్చేది ఏమిటంటే, వాళ్లు తప్పుల మధ్య తేడా చూశారు, గడువు పెట్టారు, ఒక్కొక్కరి సంగతి విడిగా విన్నారు. "అందరం పాపులమే కదా" అని తుడిచేయలేదు.

హన్నాదారి:
మొదటి ప్రశ్నకు 1 సమూయేలు మొదటి రెండు అధ్యాయాలు చాలు. యాజకుడు ఏలీ కొడుకులు హొప్నీ, ఫీనెహాసు, ప్రత్యక్షపు గుడారం ఉన్న షిలోహులో యాజకులు. బలి మాంసం క్రొవ్వు దహించకముందే బలవంతంగా తీసుకునేవారు, ప్రత్యక్షపు గుడారం దగ్గర సేవచేసే స్త్రీలతో వ్యభిచరించేవారు. జనులు యెహోవా నైవేద్యాన్ని అసహ్యించుకునేంతగా దిగజార్చారు (2:17). పిల్లలు లేని హన్నా ఏటేటా వెళ్లింది ఆ షిలోహుకే. పైగా పెద్దాయన ఏలీ ఆమె ప్రార్థనను తాగుడు అనుకున్నాడు. ఆమె "నా యేలినవాడా, అది కాదు" అని రెండు వాక్యాల్లో నిజం చెప్పింది. అలిగి వెళ్లిపోలేదు, తగని నిందను నోరుమూసుకుని భరించనూ లేదు.

అయితే దీన్ని ఎవరూ దుర్వినియోగం చేయకుండా ఇంకోవైపు కూడా చెప్పాలి. అదే రెండో అధ్యాయంలో దేవుడు ఆ యాజకులను వదల్లేదు, కొడుకుల్ని అడ్డుకోని ఏలీనీ వదల్లేదు (3:13). ఎవరి మీదనైనా, ముఖ్యంగా పిల్లల మీద, ఒంటరి స్త్రీల మీద దౌర్జన్యం జరిగితే "మనుషులంతా బలహీనులే" అనే మాట అక్కడ వాడకూడదు. అది పోలీసులకు చెప్పాల్సిన నేరం. రోమా 13:4 ఖడ్గం ఎవరి చేతిలో పెట్టిందో చూడండి. మత్తయి 18:15 చెప్పే "నీవును అతడును ఒంటరిగా" అన్న మెట్టు సహోదరుల మధ్య తప్పిదానికి. బాధితురాలిని దౌర్జన్యం చేసినవాడి ముందు ఒంటరిగా కూర్చోబెట్టడానికి కాదు.

మామూలు తప్పులకు మాత్రం ఆ వరుస తు.చ. తప్పకుండా పాటించండి: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో, తర్వాత సంఘానికి. మన దగ్గర ఎక్కువగా జరిగేది తలకిందులు. ముందు వాట్సాప్ గ్రూపుకి, ఆఖర్న ఆ మనిషికి.

బెరయ పాఠకుడు:
పరిచర్య ఆపాలా అన్నదానికి. మొదట, ఆ నిర్ణయం ఒంటరిగా తీసుకోవద్దు. పడిన రాత్రి మనసు ఇచ్చే తీర్పు రెండు వైపులా తప్పుతుంది: ఒకరోజు "నేను దేనికీ పనికిరాను", వారం తర్వాత "అదేమంత పెద్ద విషయం." ఒక పెద్దకు చెప్పి, ఆయన్ని తేల్చమనండి.

తేడా ఇలా చూడొచ్చు. ఇంట్లో నోరు జారి కోప్పడితే, మత్తయి 5:23-24 ప్రకారం ముందు ఆ మనిషితో సమాధానపడి, తర్వాత వెళ్లి పాడండి. ఆదివారం పొద్దున పది నిమిషాల పని అది. అదే రహస్యంగా, ఏర్పాటు చేసుకుని, దాచుకుంటూ నడిపే పాపమైతే, లేదా పరిచర్యలో మీ కింద ఉన్నవారికి హాని చేసేదైతే ఆపాల్సిందే. 1 తిమోతి 3:2 అధ్యక్షుడు నిందారహితుడై ఉండాలంటోంది. ఇంకో కొలత యూదా రాజు ఆసా. 41 ఏళ్లు ఏలాడు, హృదయం యథార్థంగా ఉండెనని 2 దినవృత్తాంతములు 15:17 సాక్ష్యమిస్తోంది. అయినా 16వ అధ్యాయంలో దీర్ఘదర్శి హనానీ గద్దించినప్పుడు కోపగించి అతణ్ణి బందీగృహంలో పెట్టాడు. దావీదు నాతానుని ఏమీ అనలేదు. ఒక మనిషి పరిచర్యలో కొనసాగవచ్చా అని పెద్దలు చూసేటప్పుడు, ఎన్నిసార్లు పడ్డాడన్నదానితో పాటు గద్దించినప్పుడు ఎలా తీసుకున్నాడన్నది కూడా చూడాలి. నాకైతే రెండోదే బరువుగా తోస్తుంది.

ఆపితే తేదీ పెట్టి ఆపండి. "కొంతకాలం" అని ఆపినవారిలో చాలామంది మెల్లగా సంఘానికే దూరమవుతారు. మూడు నెలలు అనుకుంటే, వారానికి ఒకసారి ఎవరిని కలవాలి, ఏం అడుగుతారు, ఏ రోజున తిరిగి చూస్తారు అన్నది పెద్దతో కూర్చుని ముందే తేల్చుకోండి. ఈ మూడు నెలలూ కూటాలకు రావాలి, వెనక వరసలో కాదు, ఎప్పుడూ కూర్చునే చోటే. కుర్చీలు సర్దడం, వృద్ధులను ఇంటి దగ్గర దింపడం లాంటి పనులు చేస్తూ ఉండాలి. గడువు మధ్యలో ఒకసారి పడితే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకండి. ఆ వారం కలిసినప్పుడు అడగకముందే చెప్పేయండి. అడిగేదాకా దాచారా, తామే చెప్పారా అన్నది గడువు చివర పెద్దలు ముందుగా చూస్తారు.